హృద్ధమనుల సి.టి. యాంజియోగ్రఫీ

హృద్ధమనుల సి.టి. యాంజియోగ్రఫీ అనేది గుండె కండరానికి రక్తాన్ని అందించే ధమనులను (కొరొనరీ ధమనులు) ఎక్స్ కిరణాలు, కంప్యూటరుల సాయంతో చిత్రించే వైద్య పరీక్ష. గుండె వరకు గొట్టం పంపకుండానే ధమనులలోని ఇరుకులను, వాటి గోడలలో పేరుకొన్న కొవ్వు ఫలకాలను ఇది చూపుతుంది. వ్యాధి లేనివారికి లేదని నమ్మకంగా చెప్పగలగడం దీని ప్రధాన బలం.

చరిత్ర

1958లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో మేసన్ సోన్స్ హృద్ధమనిని నేరుగా చిత్రించాడు. అప్పటినుండి ధమని గుండా సన్నని గొట్టాన్ని (కెథీటర్) గుండె వరకు పంపి చేసే యాంజియోగ్రామ్ ప్రామాణిక పరీక్షగా స్థిరపడింది. సి.టి. స్కానర్‌ను ఇంగ్లండులో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ రూపొందించాడు. 1971లో దానితో మొదటి రోగి మెదడును చిత్రించారు. 1979లో ఆయనకు, అలన్ కార్మాక్‌కు కలిపి నోబెల్ బహుమతి లభించింది. కాని నిరంతరం కొట్టుకొనే గుండెను చిత్రించడానికి తొలి యంత్రాల వేగం చాలలేదు. 2004 ప్రాంతంలో 64 పొరల స్కానర్లు వచ్చిన తరువాత ఈ పరీక్ష వ్యాప్తిలోనికి వచ్చింది.

పరీక్షా విధానం

గుండె వేగం నిమిషానికి 60–65 మించకుంటే చిత్రాలు స్పష్టంగా వస్తాయి. అందువలన అవసరమైనవారికి ముందుగా బీటా నిరోధక ఔషధాలు ఇస్తారు. ధమనులు వ్యాకోచించడానికి నాలుక క్రింద నైట్రోగ్లిజరిన్ ఇస్తారు. పిమ్మట అయోడిన్ గల వ్యత్యాస పదార్థాన్ని చేతి సిరలోనికి ఎక్కించి, రోగి కొన్ని సెకనులు ఊపిరి బిగబట్టి ఉండగా, ఇ.సి.జి. ననుసరించి గుండె కదలిక తక్కువగా ఉన్న క్షణాలలో చిత్రాలు తీస్తారు.

కాల్షియం గణన

వ్యత్యాస పదార్థం లేకుండానే ధమనులలోని కాల్షియంను కొలిచే పద్ధతిని 1990లో ఆర్థర్ ఆగట్‌స్టన్, ఆయన సహచరులు ప్రకటించారు. ఈ అంకె 400 మించితే ఫలకాలు విస్తారంగా ఉన్నట్లు లెక్క. అంకె సున్న అయితే ముప్పు చాలా తక్కువ; అయినా కాల్షియం చేరని మెత్తని ఫలకాలు ఇందులో కానరావు.

ప్రయోజనాలు

కెథీటర్ పరీక్ష ప్రధానంగా రక్తం పారే దారిని చూపుతుంది. దారిని ఇరుకు చేయక గోడలోనే దాగిన ఫలకాలు అందులో తప్పిపోవచ్చు. అటువంటి ఫలకం చిట్లినా రక్తం గడ్డకట్టి గుండెపోటు రాగలదు. సి.టి. గోడను కూడా చూపుతుంది.

దీని ఫలితం స్కాట్లండులో జరిగిన స్కాట్-హార్ట్ అధ్యయనంలో కనిపించింది. ఛాతీనొప్పితో వచ్చిన 4,146 మందిలో సగం మందికి మామూలు పరీక్షలతో పాటు సి.టి. కూడా చేశారు. 2018లో వెలువడిన అయిదేళ్ళ ఫలితాల ప్రకారం హృద్ధమని వ్యాధి మరణాలు, గుండెపోట్లు కలిపి సి.టి. వర్గంలో 2.3 శాతం, రెండవ వర్గంలో 3.9 శాతం. శస్త్రచికిత్సలు, స్టెంట్లు రెండు వర్గాలలోను దాదాపు సమానమే. వ్యాధి కంటబడినవారికి కొలెస్టరాల్ తగ్గించే మందుల వంటి నివారణ చికిత్స అందడమే ఈ తేడాకు ముఖ్యకారణమని భావిస్తారు.

పరిమితులు

* కాల్షియం అధికంగా ఉన్నా, చిన్న స్టెంట్లు ఉన్నా, గుండె లయ తప్పినా చిత్రాలు అస్పష్టమవుతాయి.
* మూత్రపిండాల జబ్బు, అయోడిన్ పదార్థం పడకపోవడం, గర్భం ఉన్నవారి విషయంలో జాగ్రత్త అవసరం.
* ఇరుకు వలన రక్తప్రవాహం ఎంత తగ్గినదో చిత్రం ఒక్కటే చెప్పలేదు.
* ఇరుకు కనిపించినా ఈ పరీక్షలోనే స్టెంట్ వేయడం సాధ్యం కాదు. అందుకు కెథీటర్ కావలసిందే.

ఎవరికి అవసరం

నిలకడగా ఉన్న ఛాతీనొప్పికి కారణం తెలియనివారికి ఈ పరీక్ష మిక్కిలి ఉపయోగకరం. ఏ లక్షణాలూ లేనివారందరికీ దీనిని సిఫారసు చేయరు. ఇ.సి.జి.లో తీవ్రమైన గుండెపోటు స్పష్టమైతే స్కాన్ కోసం కాలయాపన చేయరాదు. వెంటనే కెథీటర్ చికిత్స జరగాలి.

ఇవి కూడా చూడండి

* గుండెపోటు
* సి.టి. స్కాన్
* కొలెస్టరాల్