మగపిల్లల చదువు: రాజమండ్రి నుంచి విజయనగరం దాకా

నవ్వే ఆడదాన్నీ, ఏడ్చే మగవాణ్ణీ నమ్మరాదన్న సామెత మనలో చాలామంది బడిలో చేరకముందే విన్నదే. పాతకాలపు వీధిబడుల్లో దాన్ని చేసి చూపించేవారు. తప్పు చేసిన కుర్రవాడికి ‘కోదండం’ వేసేవారు. దూలానికి తాడు కట్టి, చేతులతో పట్టుకుని వేలాడమనేవారు. ఓర్చుకున్నవాడే మగవాడు! విద్యాహక్కు చట్టం 2009లో బడిలో దెబ్బలను నిషేధించింది. సామెత మాత్రం ఇళ్ళలో ఇంకా బతికే ఉంది.

వీరేశలింగం పంతులుగారనగానే 1874లో ధవళేశ్వరంలో పెట్టిన ఆడపిల్లల బడి, వితంతు వివాహాలు గుర్తుకొస్తాయి. ఆయన శ్రమలో సగం మగపిల్లల మీద పెట్టిందేనని నా అభిప్రాయం. వితంతువుకు పెళ్ళి చేయాలంటే ముందు వరుడు దొరకాలి కదా! శాస్త్ర ప్రమాణాలు పంతులుగారు చూపగలరు. ఊరు వెలివేస్తానంటే పీటల మీద కూర్చునే ధైర్యం ఎవరిస్తారు? 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో గోగులపాటి శ్రీరాములుగారు బాల్యవితంతువు గౌరమ్మగారిని పెళ్ళాడారు. అది ఆయన జరిపించిన మొదటి వితంతు వివాహం. వెలికి భయపడి పెద్దమనుషులు పలువురు ప్రాయశ్చిత్తాలు చేసుకున్నారు. పంతులుగారి వద్ద చదువుకునే కుర్రవాళ్ళు మాత్రం ఆయన పక్కనే నిలిచారు. తిట్లు తినడానికీ, నలుగురిలో వేరుపడడానికీ సిద్ధపడడం వారికి కొత్త రకం మగతనం. వంటవాళ్ళూ, నీళ్ళు తెచ్చేవాళ్ళూ మానేస్తే గోదావరి నుంచి నీళ్ళు మోసింది పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు. మగవారి ధైర్యం గురించి రాసేటప్పుడు ఆ బిందెను వదిలేయడం న్యాయం కాదు.

అయితే చదువుకున్న ప్రతి కుర్రవాడూ అలా తయారు కాలేదు. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శించిన ‘కన్యాశుల్కం’లో గురజాడవారు ఆ రెండో రకాన్ని చూపించారు. పరీక్ష తప్పిన వెంకటేశానికి చదువు చెబుతానని సెలవులకు వాళ్ళింటికి చేరతాడు గిరీశం. వితంతు వివాహం మీద ఉపన్యాసం దంచగలడు, చుట్ట గొప్పతనమూ చెప్పగలడు. శిష్యుడికి రెండూ ఒకే పాఠం. గురుశిష్యులు ఇంగ్లీషులో ఏదో వాగుతుంటే తల్లి వెంకమ్మ మురిసిపోతుంది. (మనవళ్ళను బడికి దింపి వచ్చే ఉద్యోగంలో ఉన్న మనకూ ఆ మురిపెం తెలియంది కాదు.) ఖర్చు తలచుకుని తండ్రి అగ్నిహోత్రావధానులు మండిపడతాడు. కొడుకు ఏం నేర్చుకుంటున్నాడో ఇద్దరూ అడగరు. వాడి చెల్లెలు సుబ్బిని ముసలి లుబ్ధావధానులకు కట్టబెట్టే ఏర్పాటు జరుగుతున్నదీ ఆ ఇంట్లోనే.