కొల్లేటి సీమ పరిశ్రమల్లో పాత నియంత్రకాల విడి కార్డులు: సేకరణ, పరీక్ష – ఒక చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

యంత్రాల చరిత్రను సాధారణంగా వాటి ఆవిష్కరణ తేదీల ఆధారంగా రాస్తుంటారు. అందుకు భిన్నంగా, వాడుకలో మిగిలివున్న పాత యంత్రాలను చరిత్రకు కేంద్రంగా తీసుకోవాలని డేవిడ్ ఎడ్జర్టన్ ‘ది షాక్ ఆఫ్ ది ఓల్డ్’ (2006) గ్రంథంలో ప్రతిపాదించాడు. ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్, అంటే పీఎల్సీ, అటువంటి యంత్రం. తయారీదారు ఉత్పత్తి నిలిపివేసిన తరువాత కూడా అది కర్మాగారాన్ని నడుపుతూనే ఉంటుంది. అందులోని ఒక్కొక్క మాడ్యూలును పనివాళ్లు ‘కార్డు’ అంటారు. కార్డు పాడైనప్పుడు మరొకదాన్ని ఎక్కడ వెతకాలి, దొరికినదాన్ని ఎలా నమ్మాలి అన్న ప్రశ్నలను కైకలూరు, ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంత ఆహార పరిశ్రమల నేపథ్యంలో చర్చించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. నియంత్రకాల పుట్టుక, విరమణ

అమెరికాలో డిక్ మోర్లీ బృందం జనరల్ మోటార్స్ అవసరాల కోసం రూపొందించిన ‘మోడికాన్ 084’ 1969 నాటికి కర్మాగారంలోకి వచ్చింది. అది ఆ బృందం చేపట్టిన 84వ ప్రాజెక్టు కావడంవల్ల ఆ పేరు స్థిరపడింది. 1979లో సీమెన్స్ ‘సిమాటిక్ ఎస్5’, 1980ల నడిమి కాలంలో అలెన్-బ్రాడ్లీ ‘పీఎల్సీ-5’, 1990లలో ‘ఎస్7-300’ వచ్చాయి. పీఎల్సీ-5 ఉత్పత్తి 2017లో నిలిచిపోయింది. ఎస్7-300 విరమణ ప్రక్రియ 2023లో మొదలైంది. బాయిలరు, మోటారు, కవాటం సక్రమంగా ఉన్నప్పటికీ వాటిని నడిపే కార్డు ముందుగా అంగడినుంచి తొలగిపోవడం ఈ క్రమంలోని వైచిత్రి.

3. విడిభాగాల ప్రశ్న: భారతీయ నేపథ్యం

విడిభాగం కోసం పరాధీనతను భారతదేశం 1974లో తీవ్రంగా చవిచూసింది. పోఖ్రాన్ అణుపరీక్ష తరువాత కెనడా సహకారం ఉపసంహరించుకోగా, రాజస్థాన్ అణువిద్యుత్ కేంద్రం రెండవ యూనిట్‌ను భారతీయ ఇంజనీర్లే పూర్తిచేయవలసి వచ్చింది. అది 1981లో వాణిజ్యపరంగా పనిచేయనారంభించింది. అణువిద్యుత్ కేంద్రాలకు నియంత్రణ పరికరాలు అందించిన హైదరాబాదు ఈసీఐఎల్ 1967లో ఏర్పడింది. దాని నిర్మాత డా. ఎ.ఎస్. రావు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జన్మించారు.

1991 ఆర్థిక సంస్కరణల తరువాత దిగుమతి లైసెన్సుల బంధం సడలింది. విదేశీ నియంత్రకాలు మధ్యతరహా పరిశ్రమలకు సైతం అందుబాటులోకి వచ్చాయి. నేటి విడి కార్డుల కొరతకు మూలం ఆ దశలోనే ఉంది. యంత్రాన్ని కొనే స్వేచ్ఛ లభించింది గాని దాని ఆయుఃప్రమాణాన్ని నిర్ణయించే అధికారం కొన్నవారి చేతికి రాలేదు.

4. కొల్లేటి సీమలో కాలపు ఒత్తిడి

ఈ ప్రాంత పరిశ్రమలు ఒకదానిపై ఒకటి ఆధారపడినవి. వరి మిల్లులోని తవుడు సాల్వెంట్ కర్మాగారానికి చేరుతుంది. నూనె తీసిన తవుడు చేపల చెరువుకు మేత అవుతుంది. చిల్లుల సంచుల్లో దాన్ని నింపి చెరువులోని కర్రలకు వేలాడదీయడం కైకలూరు రైతులు ఎరిగిన పద్ధతి.

బియ్యం తెల్లబడిన క్షణంనుంచే తవుడులోని లైపేజ్ ఎంజైము నూనెను విడగొట్టసాగుతుంది. గంటలు గడిచేకొద్దీ ఆమ్లత పెరుగుతుంది. కనుక సాల్వెంట్ కర్మాగారంలో కార్డు పాడైతే వారాల తరబడి నిరీక్షించే వీలులేదు. మరోవైపు అక్కడ వాడే హెక్సేన్ సుమారు 69 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. దాని ఆవిరి గాలికన్న బరువైనది, నిప్పురవ్వతో అంటుకునేది. ఉష్ణోగ్రతను తప్పుగా చదివే కార్డు అక్కడ ప్రాణాపాయానికి దారితీయగలదు. వేగం కోరే తవుడు, జాగ్రత్త కోరే హెక్సేన్ – ఈ రెండింటి నడుమనే విడి కార్డు నిర్ణయం జరుగుతుంది.

5. సేకరణ, పరీక్ష

సేకరణకు ప్రధానంగా నాలుగు మార్గాలున్నాయి: తయారీదారుల మరమ్మతు సేవ, వాడని పాత నిల్వ, పునరుద్ధరించిన సరుకు, మూతబడిన సొంత యంత్రంనుంచి తీసిన కార్డు. వాడని కార్డు నిర్దోషి అనుకోవడం పొరపాటు. ఏళ్ల తరబడి విద్యుత్తు లేకుండా పడివున్న ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు బలహీనపడతాయి.

ఏలూరు సమీపంలోని పెదవేగి ప్రాచీన వేంగి. అటువంటి రాజధానులనుంచి వెలువడిన తామ్రశాసనాలను చరిత్రకారుడు బహిర్విమర్శ, అంతర్విమర్శలతో పరీక్షిస్తాడు. కార్డుకూ ఈ రెండంచెలు వర్తిస్తాయి.

బహిర్విమర్శలో కేటలాగు సంఖ్య, సిరీస్, ఫర్మ్‌వేర్, తయారీ తేదీ సరిపోలాలి. తిరిగి అంటించిన లేబులు, ఉబ్బిన కెపాసిటరు, పచ్చబడిన రాగి అనుమానాస్పదాలు. తడిగాలి మెండుగా ఉన్న ఈ సీమలో తుప్పును ప్రత్యేకంగా చూడాలి.

అంతర్విమర్శ బల్లమీది ర్యాకులో జరుగుతుంది. విద్యుత్ సరఫరా కార్డును పూర్తి భారంతో కొన్ని గంటలు వేడిలో నడపాలి. ఇన్‌పుట్, అవుట్‌పుట్ కార్డుల్లో ప్రతి చానలునూ విడిగా పరీక్షించాలి. రిలే స్పర్శలను అసలు భారానికి సమానమైన భారంతో చూడాలి. అనలాగ్ కార్డుకు 4, 8, 12, 16, 20 మిల్లీ ఆంపియర్లు ఇచ్చి రీడింగులు పోల్చాలి. ప్రాసెసరు బ్యాటరీ తీసి, ప్రోగ్రాము ప్రతి నిలుస్తుందో లేదో నిర్ధారించుకోవాలి. వచ్చిన ఫలితాలన్నీ తేదీతో, పరీక్షకుడి సంతకంతో నమోదు కావాలి. ప్రాణరక్షణకు సంబంధించిన సేఫ్టీ రిలేలకు మాత్రం పాత సరుకు తగదు.

6. ఉపసంహారం

2023 ఏప్రిల్ 1నుంచి అమలులోకి వచ్చిన ఈ-వ్యర్థాల నియమాలు పునరుద్ధరణ చేసేవారికి నమోదును విధించాయి. అయితే నమోదైన సంస్థ అమ్మినంత మాత్రాన ప్రతి కార్డూ నమ్మదగినది కాబోదు. పాత కార్డుకు విశ్వసనీయత వయస్సువల్ల గాని వెలవల్ల గాని రాదు. అది ఎక్కడినుంచి వచ్చిందో, ఎవరు ఏ రీతిన పరీక్షించారో తెలిపే దాఖలావల్ల వస్తుంది. అటువంటి దాఖలా నేడు కార్మికునికి రక్షణ, రేపు పరిశోధకునికి ఆధారం. కర్మాగారాల మరమ్మతు రిజిస్టర్లు చిత్తుకాగితాలుగా అమ్ముడుపోకముందే వాటిని సేకరించడం ప్రాంతీయ పారిశ్రామిక చరిత్ర రాయదలచినవారు చేపట్టవలసిన తొలి పని.