డోకోఊస్లీద్: నవాహోల పడమటి పవిత్ర పర్వతం

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో ఫ్లాగ్‌స్టాఫ్ నగరానికి ఉత్తరాన ఉన్న శిఖరాల సముదాయాన్ని పటాల్లో ‘శాన్‌ఫ్రాన్సిస్కో పీక్స్’ అంటారు. ఇవి ఒక పాత అగ్నిపర్వతపు అవశేషాలు. వీటిలో ఎత్తైన హంఫ్రీస్ శిఖరం (12,633 అడుగులు) రాష్ట్రంలోనే అత్యున్నతం. నవాహో ఆదివాసులు ఈ పర్వతాన్ని ‘డోకోఊస్లీద్’ అంటారు. శిఖరంపై మంచు ఎన్నడూ కరగనిది అని ఆ పేరుకు అర్థం చెబుతారు.

తమను తాము ‘దినే’ అని పిలుచుకునే నవాహోల సంప్రదాయంలో నాలుగు పవిత్ర పర్వతాలు వారి నేలకు నాలుగు దిక్కులా హద్దులు. తూర్పున బ్లాంకా, దక్షిణాన టేలర్, ఉత్తరాన హెస్పరస్ ఉండగా పడమటి దిక్కుకు ఈ పర్వతం కాపు. పసుపు రంగు, అబలోనీ అనే సముద్రపు గుల్ల దీనికి గుర్తులు. వైద్య క్రతువులకు కావాల్సిన మూలికలు, మట్టి ఇక్కడి నుంచే తెచ్చుకుంటారు. హోపీలతో సహా కనీసం 13 తెగలకు ఇది పవిత్రమైనది.

చట్టం దృష్టిలో మాత్రం ఇది సమాఖ్య ప్రభుత్వ భూమి, కొకొనినో జాతీయ అటవీ ప్రాంతంలో భాగం. 1938 నుంచి ఇక్కడ ‘స్నోబౌల్’ స్కీయింగ్ కేంద్రం నడుస్తోంది. మంచు కురవడం ఏటా ఒకేలా ఉండదు కాబట్టి, శుద్ధి చేసిన మురుగునీటితో కృత్రిమ మంచు తయారు చేసుకునేందుకు 2005లో అటవీ శాఖ అనుమతించింది. పర్వతం ప్రాణమున్న శరీరం లాంటిదనీ, ఆసుపత్రులు, శవాగారాల నుంచి వచ్చిన నీరు కూడా కలిసిన మంచు ఒకచోట పడినా మొత్తం మైలపడుతుందనీ తెగలు కోర్టుకు వెళ్లాయి.

1993 నాటి మత స్వేచ్ఛ పునరుద్ధరణ చట్టం కింద 2007లో అప్పీళ్ల కోర్టులోని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తెగల పక్షాన నిలిచింది. 2008లో అదే కోర్టు విస్తృత ధర్మాసనం 8-3 మెజారిటీతో ఆ తీర్పును తిరగరాసింది. కొండపైకి వెళ్లకుండా, పూజలు చేసుకోకుండా ఎవరూ ఆపడం లేదు, దెబ్బతినేది మనసులోని ఆధ్యాత్మిక అనుభూతి మాత్రమే అన్నది మెజారిటీ వాదన. మతమంటేనే ఆ అనుభూతి కదా అన్నది అసమ్మతి తీర్పు సారాంశం. 2009లో సుప్రీంకోర్టు విచారణకు నిరాకరించింది. 2012 డిసెంబరులో కృత్రిమ మంచు తయారీ మొదలైంది.

ఈ వివాదం ఒక్క కొండతో ముగిసిపోలేదు. అపాచీలు పవిత్రంగా భావించే ఓక్ ఫ్లాట్ కూడా అరిజోనాలోనే ఉంది. అక్కడి రాగి గని కేసులో 2024లో అదే అప్పీళ్ల కోర్టు 6-5 తేడాతో ఆదివాసుల అభ్యర్థనను తోసిపుచ్చింది. 2025 మేలో సుప్రీంకోర్టు ఆ కేసును కూడా చేపట్టలేదు.