కల్నల్ పేరు ఒక గుమ్మం మీద ఉండాలి

మా సూర్యాపేట నుంచి పిల్లలమర్రి ఎంతో దూరం కాదు. హైదరాబాద్–విజయవాడ రోడ్డు దిగి పక్కకు తిరిగితే కాసేపట్లో గుళ్ల ముందుంటాం. కాకతీయుల కాలంలో రేచర్ల రెడ్లు ఏలిన చోటు అది. వాళ్లు అక్కడ కట్టించిన శివాలయాల్లో ఒకటి నామేశ్వరం, ఇంకొకటి ఎరకేశ్వరం. మొదటిది నామిరెడ్డి పేరు మీద వెలిసింది, రెండోది బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ పేరు మీద. 13వ శతాబ్దం తొలి ఏళ్ల మాట ఇది. అంటే ఎనిమిది వందల ఏళ్లుగా ఆ గుళ్లకు పోయేవాళ్లు, దీపం పెట్టేవాళ్లు, దారి అడిగేవాళ్లు తెలిసో తెలియకో ఆ ఇద్దరి పేర్లూ తలుస్తూనే ఉన్నారు. రాజ్యాలు పోయాయి, కోటలు పోయాయి, ఈ రెండు పేర్లు మాత్రం పోలేదు.

వీరగల్లుల సంగతి వేరు. పోరులో ప్రాణం విడిచినవాడి కోసం ఊరు నిలబెట్టుకున్న రాయి వీరగల్లు. తెలంగాణ పల్లెల్లో చెరువు కట్ట కింద, పొలం గట్టు మీద, గుడి ప్రహరీ పక్కన ఇవి కనబడుతూనే ఉంటాయి. కింది భాగంలో కత్తి దూసి కలబడుతున్న వీరుడు, ఆ పైన అతన్ని చెరో చేయి పట్టి తీసుకుపోతున్న అప్సరసలు, అన్నిటికంటే పైన శివలింగం. ఎంత బాగా చెక్కినా చాలా రాళ్ల మీద ఒక్క అక్షరం లేదు. పసుపు రాస్తారు, కుంకుమ పెడతారు, కొన్నిచోట్ల దేవుడనే మొక్కుతారు. ఆ మనిషి ఎవరు, ఎవరితో పోరాడి పడిపోయాడు అంటే చెప్పగలిగినవాళ్లు లేరు. రూపం మిగిలింది, పేరు పోయింది.

ఈ రెండూ నా మనసులో పక్కపక్కనే మెదలడానికి కారణం మా ఊరి కోర్టు చౌరస్తా. అక్కడ కల్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు విగ్రహం ఉంది. 2021 జూన్ 15న, ఆయన అమరుడై సరిగ్గా ఏడాది నిండిన రోజున, అప్పటి మంత్రి కేటీఆర్ దాన్ని ఆవిష్కరించారు. చౌరస్తాకూ ఆయన పేరే పెట్టారు. ఊరు చేయవలసిన పనే చేసింది, అందుకు సూర్యాపేటవాడిగా నాకు గర్వంగానే ఉంది. అయితే అక్కడితో ఆగిపోతే సరిపోదని నా అభిప్రాయం. ఆయన పేరు ఒక భవనానికి కూడా ఉండాలి. పిల్లలు రోజూ లోపలికి పోయి వచ్చే సర్కారు భవనానికి.

అమరులంటే మా జిల్లాకు కొత్త కాదు. సాయుధ పోరాటం నాటి ఎర్ర స్తూపాలు ఇక్కడి పల్లెపల్లెనా ఉన్నాయి. 1948 సెప్టెంబర్‌లో విజయవాడ వైపు నుంచి భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి నడిచిన దారి కూడా మా ఊరి మీదుగానే. నిజాం బలగాలు వెనక్కి పోతూ పోతూ మూసీ మీది వంతెనను పేల్చేస్తే, సైన్యం దాన్ని బాగుచేసుకుని ముందుకు సాగింది. అప్పుడు సైన్యం మా ఊరి గుండా వెళ్లిపోయింది. 2020లో మాత్రం మా ఊరి బిడ్డను భుజాల మీద మోసుకొచ్చింది.

సంతోష్ బాబు తండ్రి స్టేట్ బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. తనకు సైన్యంలో చేరాలని ఉండి కుదరలేదు, ఆ కోరికను కొడుకు తీర్చాడు. అందుకోసం ఆ పిల్లవాణ్ని చిన్నప్పుడే విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక్ స్కూల్లో వేశారు. 1962లో విజయనగరం రాజుల భవనంలో మొదలైన బడి అది. ఆరో తరగతి పిల్లవాడు అమ్మానాన్నలను విడిచి అంత దూరం హాస్టల్లో ఉండడమంటే ఆ ఇంటికి అది ఎంత పెద్ద నిర్ణయమో, పిల్లల్ని హాస్టళ్లకు పంపిన ప్రతి తల్లికీ తెలుసు. అక్కడి నుంచి ఖడక్‌వాస్లాలో నేషనల్ డిఫెన్స్ అకాడమీ, డెహ్రాడూన్‌లో మిలిటరీ అకాడమీ, 2004 డిసెంబర్‌లో 16 బిహార్‌లో ఉద్యోగం. చివరికి అదే పటాలానికి ఆయన కమాండింగ్ ఆఫీసర్ అయ్యారు.

తూర్పు లడఖ్‌లో 2020 వేసవి మొదటి నుంచే మన సైన్యం, చైనా సైన్యం ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. జూన్ 6న కోర్ కమాండర్ల స్థాయిలో మాటలు జరిగి, వెనక్కి తగ్గుదామని అనుకున్నారు. ఆ మాట అమలవుతోందా లేదా చూడవలసిన బాధ్యత గల్వాన్ లోయలో 16 బిహార్‌ది. జూన్ 15 రాత్రి పెట్రోలింగ్ పాయింట్ 14 దగ్గర చైనావాళ్లు తీసేయాల్సిన గుడారం విషయంలో మొదలైన గొడవ చీకట్లో, గడ్డకట్టే చలిలో, నది ఒడ్డున చేతులతో, రాళ్లతో, మేకులు దిగ్గొట్టిన కర్రలతో గంటల తరబడి సాగింది. రెండు దేశాల మధ్య పాత ఒప్పందాల వల్ల తుపాకీ పేలలేదు. కల్నల్‌తో కలిపి మన సైనికులు 20 మంది ప్రాణాలిచ్చారు. ఆ సరిహద్దులో ఇలా కొట్లాటలో సైనికులు చనిపోవడం 1975 తర్వాత అదే మొదలు. ఆయన వయసు 37 ఏళ్లు.

మర్నాడు ఆ కబురు మా ఊరికి చేరినప్పుడు ఊరు ఊరంతా నమ్మలేకపోయింది. అప్పటికి రెండు నెలల కిందట కరోనా హాట్‌స్పాట్ అని పేపర్లలో పేరు పడ్డ ఊరు మాది. మనిషి మనిషికి దూరంగా జరిగిన రోజులవి. జూన్ 17 రాత్రి హకీంపేటలో దిగిన పార్థివ దేహం రోడ్డు మీదుగా సూర్యాపేటకు వచ్చింది. 18న ఊరి పక్కనే కేసారంలో, వాళ్ల సొంత పొలంలో, సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. గుంపులు కూడవద్దన్నారు. అయినా దారి పొడవునా మాస్కులు కట్టుకున్న జనం, మేడల మీద జనం, పూలు చల్లే చేతులు. తరువాత మహావీర చక్ర ప్రకటించారు. 2021 నవంబర్‌లో రాష్ట్రపతి భవన్‌లో ఆయన తల్లీ భార్యా కలిసి అందుకున్నారు. రాష్ట్ర ప్రభుత్వం ఆయన భార్యకు డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం ఇచ్చింది.

ఇదంతా చూసినవాళ్లం ఉన్నాం కాబట్టి విగ్రహం ముందు నుంచి పోతుంటే మాకు ఇవన్నీ గుర్తొస్తాయి. ఆ ఏడాది పుట్టిన పిల్లలు ఇప్పుడు బడికి పోతున్నారు. వాళ్లకు ఆయన యూనిఫాం వేసుకున్న ఒక నిలువెత్తు బొమ్మ. ఆటోలో కూర్చుని చౌరస్తా దాటేటప్పుడు ఒక్క క్షణం కనబడి పోయే బొమ్మ. విగ్రహానికి ఏడాదిలో ఒక రోజు దండ పడుతుంది. చౌరస్తాకు పెట్టిన పేరు సంగతికొస్తే, ఏ ఊళ్లోనైనా నోటికి అలవాటైన పాత పేరే ముందు వస్తుంది. అది జనం తప్పు కాదు. చౌరస్తాలో ఎవరూ ఆగరు, దాటిపోతారు. భవనం అలా కాదు. లోపలికి పోవాలి, కూర్చోవాలి, పని చూసుకోవాలి. దాని పేరు దరఖాస్తు మీద రాయాలి, సర్టిఫికెట్ మీద పడాలి, ఇంట్లో అమ్మకు చెప్పి బయల్దేరాలి. నామిరెడ్డి, ఎరకసానమ్మల పేర్లు నిలిచింది ఈ దారిలోనే.

ఈ పని చేసిన ఊళ్లు దేశంలో ఉన్నాయి. కార్గిల్‌లో అమరుడైన కెప్టెన్ విక్రమ్ బాత్రా పేరు హిమాచల్‌లో ఆయన సొంత ఊరు పాలంపూర్ ప్రభుత్వ కాలేజీకి ఉంది. అక్కడ డిగ్రీ చదివిన ప్రతి పిల్ల, ప్రతి పిల్లవాడు తన చదువు గురించి చెప్పుకున్నప్పుడల్లా ఆ పేరు చెప్పాల్సిందే. లక్నో సైనిక్ స్కూలుకు, అదే బడిలో చదివి కార్గిల్‌లో ప్రాణమిచ్చిన కెప్టెన్ మనోజ్ కుమార్ పాండే పేరు పెట్టారు. పంజాబ్‌లోనైతే అమరుల పేర్లతో సర్కారు బళ్లు ఎన్నో ఉన్నాయి. జార్ఖండ్‌లో 1971 యుద్ధ వీరుడు ఆల్బర్ట్ ఎక్కా పేరు రాంచీ నడిబొడ్డు కూడలికే కాదు, ఆయన పుట్టిన జారి ప్రాంతంలో ఒక బ్లాకుకే పెట్టారు.

ఆ మాటకొస్తే గల్వాన్ కూడా ఒక మనిషి పేరే. గులాం రసూల్ గల్వాన్ అని లేహ్‌కు చెందిన ఒక పేదింటి మనిషి. వంద ఏళ్లకు పైనాటి మాట. తెల్లదొరల యాత్రలకు గుర్రాలు తోలుతూ, దారి చూపిస్తూ బతికాడు. ఆ లోయకూ నదికీ అతని పేరు పడింది. దొరల పేర్లు పడ్డ కొండలు మన దేశంలో చాలా ఉన్నాయి, దారి చూపిన కూలి పేరు పడ్డ నది మాత్రం అరుదు. ఆ నది ఒడ్డున మా ఊరి మనిషి నేలకొరిగాడు. సూర్యాపేట పిల్లలకు ఈ రెండు పేర్లూ కలిపి చెప్పాలని నాకు ఉంటుంది.

ఇక ఏ భవనం అన్నది. నన్నడిగితే గ్రంథాలయం. తెలంగాణలో ఏ పట్టణంలోనైనా పొద్దున లైబ్రరీ ముందు చూడండి, తాళం తీయకముందే నిలబడి ఉండేది ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లలే. గ్రూప్స్‌కు, కానిస్టేబుల్‌కు, ఆర్మీ రాత పరీక్షకు. పల్లెల నుంచి టిఫిన్ డబ్బా తెచ్చుకుని సాయంత్రం దాకా కూర్చునేవాళ్లు. సైన్యంలో చేరాలనుకునే పిల్లవాడికి పొద్దున మైదానంలో పరుగు, ఆ తర్వాత లైబ్రరీలో కుర్చీ. సంతోష్ బాబు పేరుకు అంతకంటే తగిన గుమ్మం నాకు తోచలేదు. అది కాకుంటే సర్కారు జూనియర్ కాలేజీ, అదీ కాకుంటే స్టేడియం. ఇప్పటికే వేరొకరి పేరున్న భవనం మాత్రం వద్దు. ఒకరి పేరు చెరిపి ఇంకొకరి పేరు రాయడం ఇద్దరికీ గౌరవం కాదు. శంకుస్థాపన రాయి దగ్గరే ఆగిపోయిన కొత్త భవనమూ వద్దు. తలుపులు తెరిచి ఉన్న, జనం తిరుగుతున్న భవనం కావాలి.

పేరు పెట్టడం అంటే బోర్డు కట్టి ఫొటో దిగి వెళ్లిపోవడం కాదన్నది నా గట్టి నమ్మకం. అమరుడి పేరున్న భవనంలో పైకప్పు కారకూడదు, ఫ్యాను ఆగకూడదు, మరుగుదొడ్డికి తాళం ఉండకూడదు. పెచ్చులూడిన గోడ మీద ఆ పేరు చూడవలసి వస్తే ఆ తల్లికి ఎలా ఉంటుంది? అందుకే తీర్మానంలో పేరుతో పాటు నిర్వహణకు ఏటా ఇంత అని నిధి కూడా రాయించాలి. పురపాలక సంఘం, గ్రంథాలయ సంస్థ, జిల్లా కలెక్టర్ కలిసి కూర్చుంటే అయ్యే పనే. ముందుగా ఆ కుటుంబాన్ని అడిగి, వాళ్లు సరేనన్నాకే.

గుమ్మం దాటగానే లోపలి గోడ మీద ఒక ఫలకం ఉండాలి. బిరుదుల వరసలూ ఆవిష్కరించినవారి పేర్లూ దాని మీద వద్దు. ఆయన ఎక్కడ పెరిగారు, ఏ బడిలో చదివారు, ఏ పటాలాన్ని నడిపారు, 2020 జూన్ 15 రాత్రి ఏం జరిగింది అన్నవి పదో తరగతి పిల్లలు చదివి అర్థం చేసుకునే తెలుగులో పదిహేను వరసలు చాలు. కింద ఆ రాత్రి ఆయనతో పాటు పోయిన 19 మంది పేర్లు, వాళ్ల ఊళ్లు. తమిళనాడు రామనాథపురం జిల్లా నుంచి వచ్చిన హవల్దార్ పళని ఉన్నారు, పంజాబ్ నుంచి సిపాయి గుర్‌తేజ్ సింగ్ ఉన్నారు, ఒడిశా నుంచి నాయిబ్ సుబేదార్ నుదురామ్ సోరెన్ ఉన్నారు. వాళ్ల ముందు నడిచిన అధికారి మా ఊరివాడు కాబట్టి వాళ్ల పేర్లు కూడా మా ఊరి గోడ మీద ఉండాలి. పక్కనే కొంత గోడ ఖాళీగా వదలాలి. మా జిల్లా పల్లెల నుంచి వెళ్లి వేర్వేరు యుద్ధాల్లో, వేర్వేరు సరిహద్దుల్లో తిరిగిరానివాళ్ల వివరాలు సైనిక సంక్షేమ శాఖను, మాజీ సైనికులను, మండలం మండలంలో పెద్దలను అడిగి రాబట్టి ఆ గోడ మీద రాయాలి. ఆ పేర్లు సేకరించే పని ఎవరికైనా అప్పగిస్తే నా వంతు ఊళ్లు తిరగడానికి నేను సిద్ధం.