మాట వెనుక కథ: హిస్సా

మరిపెడ వైపు అన్నదమ్ములు భూమి పంచుకుంటే ‘నా హిస్సా నాకియ్యి’ అంటారు. అరబ్బీలో పుట్టి, ఉర్దూ మీదుగా నిజాం కచేరీలకెక్కి, మన నోట నిలిచిన మాటిది. ఉర్దూలో కంపెనీ షేరూ హిస్సానే. 1886లో లండన్‌లో పెట్టిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ గనుల పేరిట హిస్సాలు అమ్మింది. ఆ వ్యవహారంలో అక్రమాల ఆరోపణలపై 1888లో బ్రిటిష్ పార్లమెంటే విచారణ జరిపింది! 1920లో ఏర్పడ్డ సింగరేణి కాలరీస్ ఆ కంపెనీ ఆస్తులు, అప్పులు తీసుకుంది. 1945లో నిజాం ప్రభుత్వం మెజారిటీ హిస్సా కొన్నది.

పాత షేరు పత్రాలు సేకరించేవాళ్లు అచ్చు పని, సంతకాలు, రద్దు ముద్ర చూస్తారు. నాకు మాత్రం సింగరేణి అన్న పేరే ముఖ్యం. కారేపల్లి దగ్గరి సింగరేణి ఊరి పేరు ఇప్పుడు భూపాలపల్లి గనుల మీదా ఉంది. ఇవాళ కంపెనీలో తెలంగాణ హిస్సా 51 శాతం, కేంద్రానిది 49.