లాఫోంతేన్: సభలో స్వభాష

1840 నాటి ఐక్య శాసనము కెనడాలోని రెండు మండలములను ఒక్కటిగా జేసి, నూతన శాసనసభ లిఖిత వ్యవహారమున కాంగ్లమొక్కటే భాషయని విధించెను. ఫ్రెంచివారికిది పరాభవము. వారి నాయకుడైన లూయీ ఇపోలిత్ లాఫోంతేన్ (1807-1864) మాంట్రియల్ న్యాయవాది. 1841 ఎన్నికలలో ప్రత్యర్థుల దౌర్జన్యము చూచి, రక్తపాతమునకు వెఱచి, తెర్‌బోన్‌లో పోటీ విరమించుకొనెను. పిదప ఆంగ్లభాషీయుడగు రాబర్ట్ బాల్డ్విన్ తోడ్పాటుతో యార్కు నుండి ఎన్నికయ్యెను.

1842 సెప్టెంబరు 13న కింగ్‌స్టన్ సభలో ఆయన ఫ్రెంచిలో ప్రసంగించుచుండగా, ఆంగ్లమున పలుకుడని ఒక సభ్యుడు కోరెను. ఆంగ్లము తనకు ఫ్రెంచితో సమానముగా అలవడియున్నను ఈ సభలో తొలి ప్రసంగము మాతృభాషలోనే చేసెదనని ఆయన బదులు చెప్పెను. శాసనము నిర్బంధించినది వ్రాతనే గాని వాక్కును గాదు. ఈ సూక్ష్మము న్యాయవాదికి తెలియకుండునా?

ఐక్యతను రద్దుచేయుటయే పాపినో కోరిక. దాని నంగీకరించి లాఫోంతేన్ రాజీపడెనని కొందరందురు. మాకది సమంజసముగా దోపదు. సభలో నిలిచియే ఆయన భాషకు చోటు సంపాదించెను. బ్రిటిషు పార్లమెంటు ఆ నిబంధనను 1848లో తొలగించెను. 1849 జనవరిలో, లాఫోంతేన్, బాల్డ్విన్‌ల మంత్రివర్గమున్నప్పుడు, గవర్నరు ఎల్గిన్ ప్రారంభోపన్యాసమును ఆంగ్లమునను ఫ్రెంచిలోను చదివెను.