హోషంగాబాద్ పిల్లలు, నాణెం, తుమ్మముల్లు

పిల్లల దగ్గరికి సైన్సు తీసుకెళ్లడం అనగానే మన సంఘాల వాళ్లకి ముందు గుర్తొచ్చేది మహిమల గుట్టు విప్పే కార్యక్రమం. నాలుక మీద కర్పూరం వెలిగించడం, నిమ్మకాయలోంచి "రక్తం" కార్చడం వగైరా. నేనూ చాలా ఊళ్లలో చేశాను, ఇంకా చేస్తాను కూడా. అవి అవసరమే. కానీ అక్కడ చేసేది మనం, చూసేది పిల్లలు. బాబాకి కొట్టిన చప్పట్లే మనకీ కొడతారు. మరి ప్రయోగాన్ని పిల్లల చేతికే ఇచ్చేస్తే? ఈ పని మన దేశంలో ముప్పై ఏళ్లపాటు జరిగింది. అదీ ఏ ఖరీదైన కాన్వెంటులోనో కాదు, పల్లెటూళ్ల ప్రభుత్వ బడుల్లో. మన మిత్రుల్లో చాలామంది దాని పేరు కూడా వినలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మధ్యప్రదేశ్‌లో నర్మద ఒడ్డున హోషంగాబాద్ అనే జిల్లా ఉంది. (2022లో పేరు మార్చి నర్మదాపురం అన్నారు.) 1972లో ఆ జిల్లాలోని 16 మాధ్యమిక పాఠశాలల్లో 6, 7, 8 తరగతులకి సైన్సు చెప్పే పద్ధతి మార్చడానికి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. అడిగినవి రెండు స్వచ్ఛంద సంస్థలు. ఒకటి రసూలియాలో క్వేకర్లు నెలకొల్పిన ఫ్రెండ్స్ రూరల్ సెంటర్, రెండోది కిశోర్ భారతి. కిశోర్ భారతిని పెట్టిన అనిల్ సద్గోపాల్ బొంబాయి టాటా పరిశోధనా సంస్థలో జీవశాస్త్రవేత్త. ఆ ఉద్యోగం వదిలేసి పల్లెకి వచ్చేశారు. ఆ తర్వాత టాటా సంస్థ నుంచీ, ఢిల్లీ విశ్వవిద్యాలయం నుంచీ శాస్త్రవేత్తలూ అధ్యాపకులూ వచ్చి బడిపంతుళ్ల పక్కన నేల మీద కూర్చుని పాఠాలు తయారుచేశారు. శాస్త్రీయ దృక్పథం పౌరుల విధి అని మన రాజ్యాంగంలో చేర్చింది 1976లో. వీళ్లు దానికి నాలుగేళ్ల ముందే మొదలుపెట్టారన్నమాట.

పుస్తకం పేరు 'బాల వైజ్ఞానిక్'. మనం చదువుకున్న సైన్సు పుస్తకాలకీ దీనికీ పోలికే లేదు. ఇందులో నిర్వచనాలు నింపి పెట్టలేదు. ఇది చెయ్యి, ఏం చూశావో రాయి, నీ పక్కవాడి లెక్కతో పోల్చు, తేడా ఎందుకు వచ్చిందో ఆలోచించు, ఇలా సాగుతుంది. జవాబు పుస్తకంలో ఉండదు. పిల్లాడు తన నోటుపుస్తకంలో తనే రాసుకోవాలి. నలుగురేసి పిల్లలు ఒక జట్టు. పరీక్షకి పుస్తకం దగ్గర పెట్టుకోవచ్చు, పైగా ప్రయోగపరీక్ష వేరే ఉంటుంది. బట్టీ పట్టడానికి ఏమీ లేనప్పుడు పుస్తకం తెరిచి ఉంటే నష్టమేముంది?

ఒక పాఠం చూడండి. పిల్లల్ని బయటికి తీసుకెళ్లి మొక్కలు వేళ్లతో సహా పీకించేవారు. ఆకు ఈనెలు ఎలా ఉన్నాయి, వేరు ఎలా ఉంది, పట్టిక రాయమనేవారు. మన ఊరి మొక్కలతో చెప్పాలంటే గడ్డి, వరి, మొక్కజొన్న ఆకుల్లో ఈనెలు పక్కపక్కనే సాగుతాయి, కింద గుబురు వేళ్లు. తోటకూర, తులసి ఆకుల్లో ఈనెలు వలలా అల్లుకుంటాయి, కింద తల్లివేరు. పది మొక్కలు పీకేసరికి, ఆకు చూసి వేరు చెప్పగలనని పిల్లాడికి ధైర్యం వస్తుంది. అప్పుడు చేమ మొక్క చేతికివ్వాలి. ఆకులో వల, కింద గుబురు వేళ్లు! తను కట్టిన నియమం తన చేతిలోనే బీటలు వారుతుంది. సైన్సులో నియమానికి ఉండే విలువేమిటో, హద్దేమిటో పన్నెండేళ్లవాడికి ఇంతకంటే బాగా ఎలా చెప్తాం?

నాకు అన్నిటికంటే నచ్చింది మాత్రం యాదృచ్ఛికత, సంభావ్యతల మీద పాఠం. నాణెం ఎగరేసి బొమ్మా బొరుసా రాసుకోవడమే పని. నలభై మంది పిల్లలు తలా పదిసార్లు ఎగరేశారనుకుందాం. అందరికీ అయిదూ అయిదూ రావు. ఏడు లేదా అంతకంటే ఎక్కువసార్లు ఒకే వైపు పడేది సుమారు 34 శాతం మందికి, అంటే ఆ తరగతిలో పదమూడు, పద్నాలుగు మందికి. ఒకడు తన నాణేనికి ఏదో ఉందనుకుంటాడు. ఇప్పుడు తరగతి మొత్తం లెక్క కూడితే 400 ఎగరవేతల్లో బొమ్మలు చాలా వరకు 180కీ 220కీ మధ్యనే ఉంటాయి. విడిగా చూస్తే వింత, కలిపి చూస్తే మామూలు.

దీని విలువ హేతువాదులకి వేరే చెప్పాలా? వచ్చిన ప్రతి గర్భిణికీ "మగబిడ్డే" అని చెప్పే స్వామి సగం సార్లు నెగ్గుతాడు. నెగ్గిన సగం మంది కొబ్బరికాయలతో తిరిగొస్తారు, మిగతా సగం ఇంట్లోనే ఉండిపోతారు. మనం గంటసేపు ఉపన్యసించి చెప్పే ఈ సంగతి, స్వామి పేరు ఎత్తకుండానే ఒక నాణెం చెప్పేస్తుంది. పైగా ఎవరి మనసూ నొప్పించదు.

సామాన్ల విషయానికొస్తే, ప్రయోగశాలలు కట్టించే డబ్బు ఎవరి దగ్గరా లేదు. బడికి ఒక కిట్టు ఇచ్చారు, మిగతాది ఊళ్లో దొరికినదే. పువ్వుని విప్పి చూడటానికి సూది బదులు తుమ్మముల్లు వాడారు. 1978లో పూణే ట్రక్కుల కర్మాగారంలోని ఒక ఇంజనీరు సెలవు పెట్టి ఇక్కడికొచ్చాడు. సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో అగ్గిపుల్లల్ని కలిపి త్రికోణాలూ చతురస్రాలూ కట్టించాడు. చతురస్రాన్ని నొక్కితే ఒరుగుతుంది, త్రికోణం ఒరగదు. వంతెనకీ ఇంటి దూలాలకీ త్రికోణాలెందుకో వేలికే తెలుస్తుంది. ఆయనే అరవింద్ గుప్తా. చెత్తనుంచి బొమ్మలు చేసే ఆయన పుస్తకాలు తెలుగులోనూ వచ్చాయి. 2018లో పద్మశ్రీ ఇచ్చారు.

పిల్లలకి వచ్చే సందేహాలు పంపడానికి 'సవాలీరామ్' అనే కల్పిత వ్యక్తిని సృష్టించారు. సవాల్ అంటే ప్రశ్న కదా. పిల్లలు ఆయనకి ఉత్తరాలు రాస్తే జవాబులు వెళ్లేవి. పంతుళ్లు నెలనెలా కలుసుకుని ఏ ప్రయోగం తరగతిలో తిరగబడిందో చెప్పుకునేవారు, దాన్నిబట్టి పుస్తకం మార్చేవారు. "నాకు తెలీదు, చేసి చూద్దాం" అని పిల్లల ముందు అనగల పంతుళ్లు తయారయ్యారు. నా దృష్టిలో ఇది కిట్టుకంటే పెద్ద సంగతి.

1978లో కార్యక్రమం జిల్లాలోని మాధ్యమిక బడులన్నిటికీ పాకింది. 1982లో ఏకలవ్య సంస్థ పుట్టి దీన్ని భుజాన వేసుకుంది. 1985లో వాళ్లే 'చక్‌మక్' అనే పిల్లల పత్రిక పెట్టారు. చక్‌మక్ అంటే చెకుముకి రాయి. మన జన విజ్ఞాన వేదిక పిల్లల పత్రిక పేరూ అదే అర్థం. 2002 నాటికి పదికి పైగా జిల్లాల్లో దాదాపు వెయ్యి బడులు, సుమారు లక్షమంది పిల్లలు.

ఆ ఏడాదే రాష్ట్ర ప్రభుత్వం మూసేసింది. మూయించింది ఏ పీఠాధిపతో అయితే మనం ఊరేగింపు తీసేవాళ్లం. కానీ రాష్ట్రమంతటా ఒకే పుస్తకం ఉండాలన్నారు, జిల్లా పిల్లలు పదో తరగతిలో వెనకబడుతున్నారన్నారు. వెనకబడటానికి ఇదే కారణమని రుజువు చూపండి అని నిర్వాహకులు అడిగారు. దేశంలోని శాస్త్రవేత్తలు నిరసన తెలిపారు. ఫలితం లేదు. విమర్శల్లో అసలు పస లేదని నేననను. పాఠ్యాంశాలు తక్కువన్నది నిజమే, కిట్టు సామాను అయిపోతే మళ్లీ వేళకి రాకపోవడమూ నిజమే. అయితే పాఠం తక్కువైతే చేర్చాలి, సామాను రాకపోతే పంపాలి. సాక్ష్యం చూసి నిర్ణయించమని ముప్పై ఏళ్లు నేర్పిన కార్యక్రమాన్ని సాక్ష్యం తేల్చకుండానే ఆపేశారు.

ఆ ఆలోచనలు కొన్ని 2005 జాతీయ విద్యాప్రణాళిక చట్రంలో కనిపిస్తాయి. దాని సారథ్య సంఘానికి అధ్యక్షుడైన యశ్‌పాల్ హోషంగాబాద్ పనికి మొదటినుంచీ అండగా నిలిచినవారే. మన బడుల పుస్తకాల్లోనూ ఇప్పుడు "చేసి చూద్దాం" అనే పెట్టెలు కనిపిస్తాయి. వాటికింద రాయాల్సిన ఖాళీలకి జవాబులు గైడులో అచ్చువేసి అమ్ముతున్నారు. పిల్లాడు నాణెం ఎగరేయకుండానే "అయిదు బొమ్మలు, అయిదు బొరుసులు" అని రాస్తాడు, పంతులు టిక్కు పెడతాడు. అసలు ఎగరేస్తే పదిసార్లలో సరిగ్గా అయిదూ అయిదూ పడేది నలుగురిలో ఒకరికి మాత్రమే.